ఫ్రాన్సు పౌరుడే, కాని ఎకరం పొలం కొనలేడు
పరాయిగడ్డపై యానాం వారి ఇక్కట్లు

యానాం (మా విలేకరి): మంగళవారం సంతకు తాళ్ళరేవు నుంచి, ఎదుర్లంక నుంచి వచ్చేవారికి ఒక దృశ్యం పరిచయమే. చేపల వరస దగ్గర చలికోటు మడిచి చంకలో పెట్టుకొన్న పెద్దమనిషి ఒకాయన నిలబడి, ఎండు చేపలు బేరమాడుతుంటాడు. ఆయన ఫ్రాన్సు నుంచి సెలవుకు వచ్చాడని చుట్టూ వున్నవారికి తెలిసిపోతుంది. "అక్కడ మీకేం లోటు" అని అడగని వాడు వుండడు. ఆ లోటేమిటో కొందరిని అడిగి తెలుసుకొని మన పాఠకులకు అందజేస్తున్నాము.

ముందుగా వీరు ఫ్రెంచివారు ఎట్లా అయ్యారో చెప్పవలసి వుంది. యానాంలో ఫ్రెంచి పాలన 1954లో ముగిసింది. అప్పగింత ఒప్పందంపై 1956 మే 28న సంతకాలు జరిగినా, ఫ్రాన్సు పార్లమెంటు ఆమోదం పొంది అది అమలులోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. అప్పుడు ఇక్కడి వారికి ఆరు నెలల గడువు యిచ్చారు. ఫ్రెంచి పౌరులుగానే వుంటామని రాసి యిచ్చినవారు అట్లాగే వుండిపోయారు, మిగతావారు భారతీయులయ్యారు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను తీసుకొంటున్న కుటుంబాలకు ఆ సంతకం విలువ బాగా తెలుసు. వారి బిడ్డలకు, మనుమలకు పౌరసత్వం దానంతట అదే వచ్చింది. ఒకే అరుగు మీద పుట్టిన అన్నదమ్ముల పిల్లలలో ఒకరు అటు, ఒకరు ఇటు అయిపోయారు.

అక్కడ మొదటి బాధ పొద్దుతో. డిసెంబరులో పారిస్‌లో సూర్యుడు ఉదయం 8-40 దాటితే గాని కనపడడు, సాయంత్రం 5 గంటలకు ముందే పోతాడు. చీకట్లో పనికి పోయి చీకట్లో యింటికి రావాలి. జూన్‌లోనేమో రాత్రి దాదాపు 10 గంటల దాకా వెలుతురే. పిల్లలను పడుకోబెట్టడం ఎట్లాగని కొత్త కోడళ్ళు తలపట్టుకొంటారు.

ఆ తరువాత భాష. రాసిన అక్షరం పలకదు. పారిస్ అని రాసి చివరి అక్షరం మింగేస్తారు. అంకెలు మరీ విచిత్రం. 75 అనాలంటే అరవై-పదిహేను అనాలి, 95 అనాలంటే నాలుగు ఇరవైలు-పదిహేను అనాలి. ఇరవైల లెక్కన కూడే మన ముసలమ్మలకు ఇది తేలికేనేమో గాని, బడిలో లెక్కలు నేర్చినవాడికి కొట్టులో చిల్లర తీసుకొనేటప్పుడు కాళ్ళు తడబడతాయి. నువ్వు, మీరు అన్న తేడా మాత్రం వారికీ వుంది. అది మనవారికి కొంత ఊరట. కొట్టులోకి అడుగుపెట్టగానే "బోంజూర్" అనకుండా సరుకు అడిగితే మొహం మాడ్చుకొంటారు. స్నేహితులు ఎదురైతే బుగ్గకు బుగ్గ ఆనిస్తారు. ఆడా మగా తేడా లేదు. మన ఊరి కోడలు మొదటిసారి రెండడుగులు వెనక్కు వేసిందంటే ఆశ్చర్యం లేదు.

తిండి సంగతి వేరే చెప్పాలి. నెయ్యి, పాలకోవా వంటివి, మాంసం పచ్చళ్ళు సామానులో పెట్టుకొని పోతే విమానాశ్రయంలో తీసిపారేస్తారు. పాలు, మాంసంతో చేసినవేవీ ఐరోపాలోకి ప్రయాణీకులు తీసుకురాకూడదని నిబంధన. 2019 డిసెంబరు నుంచి మామిడిపండుకు, కరివేపాకుకు కూడా సర్టిఫికెట్ కావాలి. అరటిపండుకు, కొబ్బరికాయకు అక్కరలేదు. కోనసీమ కొబ్బరికి ఈ పాటి గౌరవం దక్కినందుకు సంతోషించాలి! ఎండు చేపలకూ అభ్యంతరం లేదు గనుకనే సంతలో ఆ బేరం. అయితే వాటిని అక్కడ మేడమీద గదిలో వేయిస్తే పక్క వాటావారు తలుపు తడతారు. మిగతా సరుకులకు పారిస్‌లో లా షపెల్ అనే పేటకు పోవాలి. కొట్లు ఎక్కువగా శ్రీలంక తమిళులవి. 1985లో వెలసిన వినాయకుడి గుడి కూడా ఆ దరినే వుంది, ఏటా రథం ఊరేగిస్తారు. తెలుగు మాట వినపడడం మాత్రం అరుదు.

ఇవన్నీ అలవాటయ్యేవే. అలవాటు కానిది కాగితం. ఒక సంబంధం కుదిరితే పుట్టిన తేదీ పత్రం, పెళ్ళి పత్రం, వాటికి గుర్తింపు పొందిన అనువాదకుని చేత అనువాదం, ఆపైన పుదుచ్చేరిలోని ఫ్రెంచి కాన్సులేటు. యానాం నుంచి అది 800 కిలోమీటర్ల పైచిలుకు. పెళ్ళయిన మర్నాడే పిల్ల ఫ్రెంచి పౌరురాలు అయిపోతుందని మధ్యవర్తులు నమ్మబలుకుతారు. అది నిజం కాదు. కనీసం నాలుగేళ్ళు కాపురం జరగాలి, భాష వచ్చినట్టు రుజువు చూపాలి. ఆడపిల్లల తండ్రులు ఈ ముక్క గుర్తుంచుకొని మరీ కట్నం మాట్లాడుకోవాలి.

ఇక భూమి. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ఫ్రెంచి పౌరుడు తన సొంత ఊరికి రావాలన్నా వీసా గాని, ఓ.సి.ఐ. కార్డు గాని వుండాలి. ఆ కార్డుతో ఇల్లు కొనుక్కోవచ్చు, పొలం కొనకూడదు, ఓటు వేయకూడదు. తాత తండ్రుల భూమి వారసత్వంగా రావచ్చు గాని, పక్కనున్న అరెకరం అమ్మకానికి వస్తే ముప్పై ఏళ్ళు దాచిన డబ్బు చేతిలో వున్నా చూస్తూ వుండవలసిందే. తమ్ముడి పేర కొని తరువాత తగువు పడ్డవారు లేకపోలేదు.

సంతలో కలిసిన పెద్దాయన వీటన్నిటి గురించి నవ్వుతూనే చెప్పాడు. భార్య సంగతి వచ్చేసరికి మాత్రం ఆగాడు. ఆమె అక్కడే పోయింది. చనిపోయిన 24 గంటలు గడవనిదే అంత్యక్రియలు చేయకూడదు. చితి పేర్చడం లేదు, యంత్రంలోనే దహనం. అస్థికలు ఇంట్లో వుంచుకోకూడదని 2008 నుంచి చట్టం. దేశం దాటించాలంటే జిల్లా అధికారి అనుమతి తేవాలి. ఆ అనుమతి చేతికి వచ్చేదాకా ఆయన రోజూ కార్యాలయానికి తిరిగాడట. ఈసారి వచ్చింది గౌతమిలో కలపడానికేనని చెప్పి, ఎండు చేపల పొట్లం సంచిలో పెట్టుకొని రేవు వైపు నడిచాడు. పైనెల మొదటివారంలో తిరుగు టిక్కెట్టు వుంది.