గరిమా గృహ్

ఇంటివాళ్లు కాదన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కేంద్రం నిధులతో నడిచే వసతి గృహం ఇది. తిండి, పడక, వైద్యంతో పాటు ఉపాధి శిక్షణా ఇస్తారు. మొదటిది 2020 నవంబరులో గుజరాత్‌లోని వడోదరలో మొదలైంది. 2022లో వచ్చిన ‘స్మైల్’ పథకంలో ఇవి భాగమయ్యాయి.

నిజానికి ట్రాన్స్‌జెండర్ పిల్లలకు మొదటి హక్కు సొంత ఇంటి మీదే ఉంది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదు. బిడ్డ మేలు కోరి కోర్టు ఆదేశిస్తే తప్ప. ఇంట్లో ఏ భాగంలోకీ రావద్దనడానికి వీల్లేదు. వంటగదిలోకి రానివ్వకపోవడం, చుట్టాలొస్తే గదిలో పెట్టి తలుపేయడం కూడా వివక్షే. ఇల్లో ఊరో వదిలిపొమ్మని బలవంతపెడితే 18వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, జరిమానా.

ట్రాన్స్‌జెండర్‌గా గుర్తింపు పత్రం ఇచ్చేది జిల్లా కలెక్టర్. పద్దెనిమిదేళ్లు నిండని వారి తరఫున తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు చేయాలి. అంటే అమ్మానాన్నలు ఒప్పుకోకపోతే బడిలో, ఆస్పత్రిలో బిడ్డ తన పేరు తాను చెప్పుకోవడమూ కష్టమే.

గరిమా గృహాలు మరిన్ని రావాలి. అయితే నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం కన్నా బిడ్డే ముఖ్యమని కన్నవాళ్లు గట్టిగా అనుకుంటే, చాలామందికి వాటి అవసరమే రాదు.