అమ్మమ్మ ముఖం ఎందుకు నల్లబడింది?

ఒక ఇంట్లో పెద్దావిడ పోయారు. పెద్దకర్మ నాటికి ఆవిడ ఫోటో పెద్దది చేయించి దండ వేయాలని ఇంట్లోవాళ్లు తలా ఒక ఫోను ముందేసుకుని వెతికారు. ఫోటోలు వందల్లో ఉన్నాయి. పెళ్లిలో, పండగలో, మనవడి పుట్టినరోజున. స్టూడియో అతను ఒక్కొక్కటీ చూసి పెదవి విరిచాడు. "ముఖంలో వెలుగు లేదండీ. వెనకాల కిటికీ మాత్రం చక్కగా వచ్చింది" అన్నాడు. చివరికి ఎప్పటిదో పాత గ్రూపు ఫోటోలోంచి ఆవిడ ముఖాన్ని కత్తిరించి తీయవలసి వచ్చింది.

మీ ఇంట్లోనూ అమ్మమ్మో తాతయ్యో ఉండే ఉంటారు. అప్పుడప్పుడైనా మీ చేతికి ఫోను వస్తూనే ఉంటుంది. మరి ఆ వందల ఫోటోల్లో పొరపాటు ఎక్కడ జరిగిందో చూద్దామా?

ఫోను కటకం వెనక చిన్న పలక ఒకటి ఉంటుంది. దాన్ని సెన్సర్ అంటారు. పూర్వం కెమెరాలో ఫిల్ము చేసిన పనినే ఇది చేస్తుంది. మామూలు ఫిల్ము మీద ఒక్కో బొమ్మ 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉండేది. చాలా ఫోన్లలో సెన్సర్ మీ చిటికెన వేలి గోరంతే! ఆ గోరంత చోటులోనే కాంతిని పట్టే గళ్లు కోటికి పైగా ఉంటాయి. 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాలో ఇవి పది వేలే. ఒక్క బొమ్మను టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది.

వాన పడుతుండగా వాకిట్లో వరసగా గ్లాసులు పెట్టారనుకోండి. జోరువానలో అన్నీ దాదాపు సమంగా నిండుతాయి. నాలుగు చినుకులు రాలి ఆగిపోతే? ఒక గ్లాసులో మూడు చుక్కలు, పక్కదానిలో ఆరు. కాంతి కూడా చినుకులు చినుకులుగానే పడుతుంది. ఆ చినుకులే ఫోటాన్లు. వెలుగు చాలినంత ఉంటే పక్కపక్క గళ్లు సమంగా నిండి, చెంప నున్నగా వస్తుంది. మసక గదిలో ఒక గడికి ఎక్కువ, పక్క గడికి తక్కువ పడి, ముఖమంతా ఇసక చల్లినట్టవుతుంది. గళ్లు ఎన్ని కోట్లో ప్రకటనల్లో గొప్పగా చెబుతారు గాని, అదే వాకిట్లో గ్లాసులు పెంచినంత మాత్రాన వాన పెరగదు కదా!

ముఖం నల్లబడటానికి కారణం వేరే ఉంది. ఒక పరీక్ష చేయండి. తెల్ల దుప్పటి తెర నిండా వచ్చేలా ఒక ఫోటో, నల్లబల్ల తెర నిండా వచ్చేలా మరొక ఫోటో తీయండి. చాలా ఫోన్లలో దుప్పటి కాస్త బూడిద రంగుకు దిగుతుంది, నల్లబల్ల బూడిద రంగుకు లేస్తుంది. ఎదురుగా ఉన్నదంతా కలిపి ఒక మోస్తరు వెలుగులో ఉండాలన్నది ఫోను లెక్క. అమ్మమ్మ వెనక ఎండ కాస్తున్న కిటికీ ఉంటే, ఆ లెక్క కుదరడానికి అది బొమ్మ మొత్తాన్నీ చీకటి చేస్తుంది. కిటికీ బాగుంటుంది, అమ్మమ్మ నీడైపోతుంది. ఇప్పటి ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టి కొంత దిద్దుతాయి గాని, అన్నిసార్లూ కాదు.

తెర మీద ముఖాన్ని వేలితో తాకండి. ఫోను తన లెక్కను ఆ ముఖానికి సరిచేసుకుంటుంది. అంతకంటే సులువైన ఉపాయం ఉంది. కుర్చీ తిప్పండి! అమ్మమ్మను గుమ్మం దగ్గర, నీడలోనే, బయటి వెలుగుకు ఎదురుగా కూర్చోబెట్టండి. వెలుగు కొంచెం పక్కనుంచి పడితే ముడతలు, ముక్కుపుడక అన్నీ తేరుకుంటాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం నిలబెట్టకండి. కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి, పైగా ఆవిడ కళ్లు చిట్లిస్తారు.

మరీ దగ్గరికి పోవద్దు. ముక్కు కొనకూ చెవికీ మధ్య దూరం సుమారు 12 సెం.మీ. ఉంటుందనుకుందాం. 30 సెం.మీ. దూరం నుంచి తీస్తే ముక్కు 30లోనూ చెవి 42లోనూ ఉంటాయి. అంటే చెవితో పోలిస్తే ముక్కు 1.4 రెట్లు పెద్దదిగా పడుతుంది. అదే 150 సెం.మీ. నుంచి తీస్తే ఈ తేడా 1.08 రెట్లే. బొమ్మల్లో తన ముక్కు బండలా ఉందని ఎవరైనా బాధపడితే ఈ లెక్క చెప్పండి.

అలాగని దూరంగా నిలబడి వేళ్లతో తెరను లాగి పెద్దది చేయకండి. జూమ్ కోసం విడిగా కటకం లేని ఫోనులో అది కత్తిరించడమే. రెండు రెట్లు లాగితే నాలుగో వంతు గళ్లే మిగులుతాయి, నాలుగు రెట్లయితే పదహారో వంతు.

సాయంత్రం వెలుగు తగ్గాక ఫోను ఒక్కో బొమ్మకు ఎక్కువసేపు వెలుగు పట్టాలి. అప్పుడు చేయి కదిలితే బొమ్మ అలికినట్టవుతుంది. మోచేతులు డొక్కలకు ఆనించి, ద్వారబంధానికి ఒరిగి, ఊపిరి బిగబట్టి తీయండి. కటకాన్ని ముందుగా మెత్తని నూలుగుడ్డతో తుడవండి. వేలి జిడ్డు ఉంటే దీపాల చుట్టూ పొగలా కమ్ముకుంటుంది. నేను చూసిన మసక ఫోటోల్లో సగం ఈ జిడ్డు పుణ్యమే!

ఇంకొక్క సంగతి. ఆ ఇంటివాళ్ల ఫోటోల్లో రెండు నిజానికి బాగానే ఉన్నాయి. అయితే అవి వాట్సాప్‌లో చేతులు మారి చిక్కిపోయాయి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది. అసలు ఫోటోను తీసిన ఫోనులోంచి చెరిపేశారట. మీరు పంపేటప్పుడు 'డాక్యుమెంట్' గా పంపండి, అసలుదాన్ని వేరేచోట కూడా దాచండి.