కార్లను లెక్కపెడితే చాలదా?

హైదరాబాద్ శివార్లలోని ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు, 65వ జాతీయ రహదారి కలుస్తాయి. అక్కడ కార్లు లెక్కపెడితే రద్దీ ఎంతో తెలుస్తుంది, ఎందుకో తెలియదు. పుణె వెళ్లే కారు, సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీకి రోజూ వచ్చే కారు ఆ లెక్కలో ఒకటే. అందుకే ఒక్కో కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, అందులో ఎందరున్నారు అని కూడా అడగాలి. ఇంటింటి సర్వేలో ఎక్కణ్ణుంచి ఎక్కడికి, దేనిమీద వెళ్తున్నారో అడిగితే ఇది తేలుతుంది. ఉదాహరణకు 40 మంది తలో కారులో 25 కిలోమీటర్లు వస్తే మొత్తం 1,000 కిలోమీటర్లు. అందరూ ఒకే కంపెనీ బస్సెక్కితే రోడ్డు మీద నడిచేది 25 కిలోమీటర్లే.

రోడ్డు వెడల్పు చేస్తే సరిపోదా? ఖాళీ దొరికితే కొత్త కార్లు వస్తాయి, రోడ్డు మళ్లీ నిండుతుంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడకు లారీలు తప్పవన్నదీ నిజమే. అందుకే సరుకుల లెక్క వేరుగా, మనుషుల ప్రయాణాల లెక్క వేరుగా వేయాలి. కొత్త నిర్మాణాల ప్రభావాన్ని ట్రాఫిక్ ఆలస్యంతో కాక వాహనాలు తిరిగే దూరంతో కొలిచేందుకు కాలిఫోర్నియా 2013లో చట్టం చేసింది. మియాపూర్ నుంచి పటాన్‌చెరుకు ప్రతిపాదించిన మెట్రోనూ, ఫ్యాక్టరీల దగ్గర కట్టే ఇళ్లనూ ఇదే కొలతతో తూచవచ్చు: ఏది ఎన్ని కారు కిలోమీటర్లు తగ్గిస్తుంది?