లిస్టులో లిస్టు: పుదుచ్చేరి స్థానాల కూడిక

పుదుచ్చేరి అనగానే పటంలో ఒక పట్టణమే గుర్తుకొస్తుంది. ఆ కేంద్రపాలిత ప్రాంతం నిజానికి నాలుగు ముక్కలు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు పక్కన ఉన్నాయి. మన యానాం కాకినాడకు దగ్గరలో, గోదావరి పాయ ఒడ్డున ఉంది. మాహే పడమటి తీరాన, కేరళ మధ్యలో ఉంది. శాసనసభకు ఎన్నికయ్యే స్థానాలు పుదుచ్చేరికి 23, కారైకాల్‌కు 5, యానాంకు 1, మాహేకు 1. తమిళ ప్రాంతాలు రెండింటినీ ఒక లిస్టులో ఉంచి, దానికి యానాం చేర్చి తూర్పు తీరం లిస్టు చేసి, చివర మాహే పెడితే పైథాన్‌లో ఇలా ఉంటుంది:

[[[23, 5], 1], 1]

మొత్తం ఎంత? పైథాన్‌లో సిద్ధంగా ఉన్న సమ్ ఫంక్షన్‌కు దీన్ని ఇస్తే టైప్ఎర్రర్ వస్తుంది. అది సున్నాకు మొదటి అంశాన్ని కలపబోతుంది. ఆ అంశమేమో సంఖ్య కాదు, లిస్టు.

అందుకని లిస్టు నుంచి వారసత్వం పొందే ‘కూడిక’ అనే క్లాసు రాద్దాం. 2001లో వచ్చిన పైథాన్ 2.2 నుంచి ఇలా సొంత లిస్టు క్లాసులు చేసుకోవచ్చు. అంశాలను దాచడం, వరుసగా అందించడం మాతృ క్లాసు నుంచే వస్తాయి. మనం రాయవలసినవి రెండు మెథడ్‌లు. ‘విలువ’ తనకిచ్చిన సంఖ్యనే తిరిగి ఇస్తుంది. ‘మొత్తం’ ఒక్కో అంశాన్నీ చూస్తుంది: సంఖ్య అయితే దాని విలువ కలుపుతుంది, లిస్టు అయితే దాన్ని ‘కూడిక’గా మార్చి, దాని మొత్తం అడుగుతుంది. మార్చడం ఎందుకంటే, బయటి లిస్టు ఒక్కటే మన క్లాసుది. లోపలివి మామూలు లిస్టులు, వాటికి ‘మొత్తం’ మెథడ్ లేదు. ఇప్పుడు లోపలి నుంచి 28, ఆపై 29, చివరకు 30 వస్తాయి.

అసలు చిక్కు ఇకపై ఉంది. స్థానాలు కాక ప్రాంతాలను లెక్కించాలనుకోండి. ‘కూడిక’ నుంచి ‘లెక్క’ అనే క్లాసు తీసి, ‘విలువ’ ఎప్పుడూ 1 ఇచ్చేలా మార్చాం. 4 రావాలి కదా? 30 వస్తుంది! మాహే దగ్గర కొత్త ‘విలువ’ పనిచేసింది. లోపలి లిస్టు మాత్రం ‘కూడిక’గానే మారి 29 ఇచ్చింది. ఎర్రర్ ఏదీ రాదు, పైగా 30 చూడటానికి సరైన అంకెలాగే ఉంటుంది. అందుచేత మెథడ్‌లో ‘కూడిక’ అని పేరు రాయకండి. సెల్ఫ్ ఏ క్లాసుదో టైప్ ఫంక్షన్‌తో తెలుసుకొని, ఆ క్లాసులోకే మార్చండి. అప్పుడు 4 వస్తుంది.

అంశం లిస్టేనా అని చూడటానికి ఐజ్‌ఇన్‌స్టన్స్ వాడండి. అది పిల్ల క్లాసుల ఆబ్జెక్టులనూ లిస్టులుగానే ఒప్పుకుంటుంది. టైప్ లిస్టుతో సమానమా అని పోలిస్తే ఒప్పుకోదు.

కేంద్ర ప్రభుత్వం మరో ముగ్గురు సభ్యుల వరకు నామినేట్ చేయవచ్చు. లిస్టు చివర 3 చేర్చితే ‘కూడిక’ 33 ఇస్తుంది. ‘లెక్క’ ఎంత ఇస్తుందో, అది ప్రాంతాల సంఖ్య అవునో కాదో మీరే వేసి చూడండి.