తీపికి పెట్టిన పేర్లు

"అన్నప్రాశననాడే ఆవకాయా?" అని మన పెద్దలు అంటూ ఉంటారు. తొందరపాటును పరిహసించడానికి ఈ సామెతను వాడుకుంటున్నాము గాని, దాని వాచ్యార్థం జోలికి పోయేవారు అరుదు. ఆరు నెలల పసికందు నోట ఆవకాయ ముద్ద పెట్టే తల్లి ఎన్నడూ ఉండి ఉండదు. ఒకవేళ పెట్టినా, ఆ బిడ్డ మరుక్షణమే ఉమ్మివేసి, ఇల్లు ఎగిరిపోయేటట్లు ఏడ్చి, జరిగిన పొరపాటును నలుగురికీ చాటుతుంది. కారం తన గుణాన్ని తానే చెప్పుకుంటుంది. చేదూ అంతే. బిడ్డకు నాలుకే మొదటి కావలి. ఈ సామెత పుట్టిననాటి ప్రమాదం ఆ కావలి దాటలేనిది.

తీపి విషయంలో ఆ కావలి పనిచేయదు. తీపిని చూడగానే నాలుక తానే తలుపు తీస్తుంది. అక్కడినుంచి బిడ్డను కాపాడవలసినది తల్లి వివేకం. పూర్వపు తల్లికి అరిసె అరిసెగానే తెలుసును, బెల్లం బెల్లంగానే తెలుసును. "ఇక చాలు, కడుపులో పురుగులు పడతాయి" అని డబ్బా ఉట్టిమీద పెట్టేది. పురుగుల మాట శాస్త్రానికి నిలవకపోవచ్చును గాని డబ్బా మాత్రం చేతికందేది కాదు. ఈ కాలపు తీపి తన పేరు చెప్పుకొని రావడం లేదు. "బలం" అని, "ఎదుగుదల" అని, "గ్లూకోజు" అని, చివరకు "మందు" అని కూడా పేరు పెట్టుకొని వస్తున్నది. తన పేరుతోనే వస్తే తల్లి ఉట్టిమీద పెట్టి ఉండేది.

నాకు భాషతో తప్ప వైద్యంతో సంబంధం లేదు. అయినా ఈ సంగతి వ్రాయడానికి పూనుకోవడానికి కారణమున్నది. మాటలకు అర్థాలు చెప్పి జీతం తీసుకుంటున్న నేను, అటువంటి ఒక పేరు చేత నిలువునా మోసపోయినాను.

2023 వేసవిలో మా అమ్మాయి మూడేళ్ళ కొడుకుతో మా ఇంటికి వచ్చినది. మామిడిపండ్ల రోజులు. పిల్లవాడికి ఉన్నట్టుండి విరేచనాలు పట్టుకున్నవి. తెలిసిన వైద్యులకు ఫోను చేస్తే, "ముందు ఓ.ఆర్.ఎస్. పట్టించండి" అన్నారు. మందుల దుకాణానికి పరుగెత్తి ఆ మూడక్షరాలే అడిగినాను. దుకాణదారు రెండు రకాలు చూపించాడు. ఒకటి పొడి పొట్లం. రెండవది అట్టపెట్టె, దానికొక గొట్టం, మీద ఎర్రని యాపిలుపండు బొమ్మ. "పిల్లలు ఇదయితే మారాం చేయకుండా తాగుతారండీ" అన్నాడు. ఆ మూడక్షరాలూ దానిమీద పెద్దవిగా ఉన్నవి. నాలుగు పెట్టెలు కొన్నాను.

నిజంగానే వాడు మారాం చేయలేదు. ఇంకా కావాలన్నాడు. మాకెంత సంతోషం! రాత్రి తొమ్మిదయ్యేసరికి మా ఆవిడ వచ్చి, "ఏమండీ, తాగినకొద్దీ ఎక్కువవుతున్నాయేమిటండీ వీడికి?" అన్నది. తెల్లవారేసరికి పిల్లవాడి కళ్ళు లోతుకు పోయినవి, పెదవులు ఎండిపోయినవి. ఆసుపత్రిలో డాక్టరుగారు ఏమి పట్టించారని అడిగితే, నేను కొంత గర్వంగానే ఖాళీ పెట్టె చూపించాను. ఆయన దానిని అటూ ఇటూ త్రిప్పి, ఒకచోట గోరుతో గీచి నా చేతికి ఇచ్చారు. చీమ తలకాయలంత అక్షరాలలో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉన్నది: ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓ.ఆర్.ఎస్. మిశ్రమం కాదు అని.

ఒక పగలూ రాత్రీ సెలైను ఎక్కించిన తరువాత పిల్లవాడు తేరుకున్నాడు. అట్ట చూసి గ్రంథాన్ని మెచ్చుకునే విద్యార్థులను తరగతిలో ఎన్నిసార్లు ఎద్దేవా చేశానో నాకే తెలియదు. మా అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించినది.

ఆ మూడక్షరాల చరిత్ర తెలుసుకున్నకొద్దీ, వాటిని ఇట్లా వాడుకోవడం ఎంత అపచారమో బోధపడినది. 1971లో తూర్పు బెంగాలునుంచి తరలివచ్చిన కాందిశీకులలో కలరా విజృంభించినది. సరిహద్దున ఉన్న బన్‌గావ్‌లో నరాలకు ఎక్కించే సెలైను నిండుకున్నది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనాబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు నీటిలో కలిపించి, రోగుల బంధువుల చేతనే నోటిద్వారా పట్టించారు. నూటికి ముప్పైమంది దాకా పోతూ ఉండిన ప్రాణాలు ఆయన పర్యవేక్షణలో నూటికి నాలుగుకన్న తక్కువకు దిగినవి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు మన ప్రభుత్వం పద్మవిభూషణ ప్రకటించినది.

2002నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన పాళ్ళు ఇవి: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. ఇందులో గ్లూకోజును రుచికోసం వేయలేదు. పేగు గోడ ఉప్పును చురుకుగా లోపలికి తీసుకోవడానికి గ్లూకోజు తోడు కావాలి. ఆ రెండూ పోయిన దారినే నీరు పోతుంది. తోడు పాళ్ళు తప్పితే వ్యవహారం తలక్రిందులవుతుంది. బత్తాయి తొనలమీద పంచదార చల్లి గడియసేపు ఉంచితే గిన్నెలో నీరూరడం మనకు తెలిసినదే. చక్కెర ఎక్కువైన నీరు పేగులోకి పోతే, ఒంటిలోని నీటిని తనవైపు లాగుతుంది. నేను కొన్న పెట్టెమీది అంకెలను తరువాత తీరికగా లెక్కకట్టాను. లీటరుకు నూరు గ్రాములకు పైగా తేలినది. మా ఆవిడ వేసిన ప్రశ్నకు సమాధానం ఆ అంకెలోనే ఉన్నది.

ఈ పేరుమీద హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళపాటు పోరాడారు. ఉత్తరాలు వ్రాశారు, తల్లులకు చెప్పారు, ఉన్నత న్యాయస్థానానికి కూడా వెళ్ళారు. దేశపు ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2022 ఏప్రిల్‌లో ఆ అక్షరాలను పానీయాలకు వాడరాదన్నది. అదే ఏడు జూలైలో, "ఇది ఆ మిశ్రమం కాదు" అని వ్రాసి వాడుకోవచ్చునన్నది. 2025 అక్టోబరు 14న ఆ మినహాయింపును రద్దుచేసినది. మూడేళ్ళకు పైగా సాగిన ఈ మధ్యకాలం మా అలంకారశాస్త్రానికి ఒక క్రొత్త ఉదాహరణ నిచ్చినది. ఉన్నదానిని కాదని, లేనిదానిని ఔనని చెప్పడం అపహ్నుతి. "ఇది మొగము గాదు, చంద్రుడు" అంటాడు కవి. ఆయన మాటకు ఎవరి మొగమూ చెడదు. ఇక్కడ ఔననడం వ్రేలెడు అక్షరాలలో, కాదనడం చీమ తలకాయ అక్షరాలలో.

మందు పేరు పెట్టుకున్న తీపి కథ ఇది. బలం పేరు పెట్టుకున్నదానికి మన ఇళ్ళలో ఇంకా గొప్ప మర్యాద. ఆసుపత్రిలో బంధువును పరామర్శించబోయేటప్పుడు బత్తాయిలూ, హార్లిక్సు సీసా చేతపట్టుకొని పోవడం ఒక తరమంతా ఆచారంగా సాగినది. ఆ గౌరవమే తరువాతి డబ్బాలన్నిటికీ సంక్రమించినది. ఇటువంటి పొడులలో కొన్నింటిలో మూడింట ఒకవంతు దాకా చక్కెరే ఉండినదని డబ్బాలమీద వ్రాసినదే చెబుతుంది. పిల్లవాడు గ్లాసెడు పాలు తాగుతాడు. పాలు చేసిన మేలు డబ్బా ఖాతాలో జమ అవుతుంది. 2006నాటి ఆహార భద్రతా చట్టంలో "ఆరోగ్య పానీయం" అనే మాటకు నిర్వచనమే లేదట! ఆ సంగతి పైకి వచ్చిన తరువాత, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, బోర్నవిటా మొదలైనవాటిని ఆ శీర్షిక క్రింద అమ్మరాదని అంతర్జాల వర్తకులకు సూచించినది. నిఘంటువులో లేని మాటతో దశాబ్దాలుగా ఎన్ని గ్లాసులు కలిపామో!

అదే నెలలో స్విట్జర్లాండులోని పబ్లిక్ ఐ అనే సంస్థ మరొక సంగతి బయటపెట్టినది. పసిపిల్లలకు కలిపిపెట్టే సెరెలాక్‌లో, మన దేశంలో అమ్మేవాటిలో పూటకు సగటున మూడు గ్రాములకు కొంచెం తక్కువగా చక్కెర చేర్చి ఉన్నదనీ, స్విట్జర్లాండులో అదే సంస్థ అమ్మేదానిలో లేదనీ. తాము ఇక్కడి నిబంధనలను పాటిస్తూనే ఉన్నామని కంపెనీ చెప్పినది. ఆ ఏడు అక్టోబరులో చక్కెర చేర్చని రకాలను కూడా ఇక్కడ ప్రవేశపెడుతున్నట్లు ప్రకటించినది. మొదటిసారి ఆహారం రుచి చూసే నాలుకకు అన్నం అంటే తీపి అని నేర్పితే, తరువాత తోటకూర పప్పు పెట్టబోయే తల్లి గతి ఏమిటి?

ఇక టీలో ముంచిన బిస్కెట్టు. దీనిని గురించి ఎవరూ వ్రాయరు. ఎవరి ఇంట్లోనూ ఇది తప్పుగా తోచదు గనుక. ప్రొద్దున్నే తాత పళ్ళెంలో టీ చల్లార్చుకుంటాడు. మనవడు వచ్చి ఒళ్ళో కూర్చుంటాడు. గ్లూకోజు బిస్కెట్టు మెత్తబడి పిల్లవాడి నోట్లోకి పోతుంది. ఇంతకన్న ముద్దైన దృశ్యం లేదు. కాని ఆ బిస్కెట్టులో ముఖ్యంగా ఉన్నవి మైదా, పంచదార, నూనె. బలమంతా పేరులోని గ్లూకోజులోనే. టీలోని వగరు పదార్థం ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు. భోజనానికి గంట ముందూ గంట వెనుకా టీ కాఫీలు వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024నాటి ఆహార సూచనలలో చెప్పినది. 2019–21నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలలు నిండి ఐదేళ్ళు నిండని మన పిల్లలలో నూటికి 67 మందికి రక్తం తక్కువని తేలినది. ఇందుకు కారణాలు అనేకం. పళ్ళెంలోని టీని మాత్రం కాస్త దూరం జరపడం తాతల చేతిలోని పని. పైగా రెండు బిస్కెట్లు తిన్న పిల్లవాడు తొమ్మిది గంటలకు అన్నం వద్దంటాడు. "వీడు ఏమీ తినడం లేదండీ" అని తల్లి వాపోతుంది.

ఇట్లా వ్రాస్తున్నాను గదా అని, పూర్వకాలమంతా అమృతమయమని నేననడం లేదు. ఆవు ఈనితే జున్నుకోసం ఇరుగుపొరుగులకు చెప్పి పెట్టుకునేవారము. తల్లికి వచ్చిన ముర్రుపాలను మాత్రం బిడ్డకు పడవని పిండి పారబోయించేవారము. బిడ్డ కాపుదలకు అంతకు మించినది లేదని ఇప్పుడు వైద్యులందరూ చెబుతున్నారు. దూడ తాగవలసిన జున్నుపాలను మనము తిని, మన బిడ్డకు చక్కెరనీళ్ళు నాకించిన తెలివి మనది. తేనె నాకించడమూ అటువంటిదే. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి ఏడాది నిండని బిడ్డ పేగులలో విషం పుట్టించగలదు. అయినా ఆ కాలపు ఉగ్గుగిన్నెలో వేయించిన బియ్యమూ పెసరపప్పూ ఉండేవి. వాటికి వేరే పేరు లేదు.

బడిముందరి బడ్డీకొట్టు సంగతి అందరికీ తెలిసినదే. వ్రేళ్ళకు తొడుక్కొని తినే పసుపుపచ్చ గొట్టాలు, కారం చల్లిన చిప్సు, ఐదు రూపాయల రంగునీళ్ళు. 2020నాటి నిబంధనల ప్రకారం, కొవ్వూ ఉప్పూ చక్కెరా ఎక్కువైన పదార్థాలను బడిలోనూ, గేటుకు యాభై మీటర్ల లోపునా అమ్మరాదు. యాభై మీటర్లు కొలిచే టేపు ఎవరి దగ్గర ఉన్నదో! వీటిని కొనిచ్చే తల్లిని నిందించడానికి నాకు నోరు రాదు. తెల్లవారుజామున పనికి పోయే మనిషి చేతిలో పెట్టి పోగలిగినది ఆ పది రూపాయలే. గొట్టాలు బలమిస్తాయని ఆమె అనుకోవడం లేదు. కొంచెం ఎక్కువ డబ్బు చేతికి వచ్చినప్పుడు, పిల్లకు మంచిది పెట్టాలని బలం పేరున్న డబ్బా కొంటుంది. నాకు ఎక్కువ కష్టం కలిగించేది ఆ రెండవ కొనుగోలు.

ఆ డబ్బామీద ఏమున్నదో ఆమె చదువుకోవడం ఎట్లా? ప్రకటన తెలుగులో పాడుతుంది. టీవీలో తెలుగు తల్లి తెలుగు బిడ్డను దగ్గరకు తీసుకుంటుంది. లోపల ఏమేమి కలిపారో చెప్పే పట్టిక మాత్రం ఇంగ్లీషులోగాని, దేవనాగరి లిపిలోని హిందీలోగాని ఉంటే చాలునని నిబంధన. తెలుగులో కూడా వ్రాస్తే అభ్యంతరం లేదట. వ్రాసి తీరవలెనని మాత్రం లేదు.

మొన్న మా కళాశాలలో పనిచేసే ఆయమ్మ మధ్యాహ్నం విరామంలో ఒక బిస్కెట్ల పొట్లం తెచ్చి నా బల్లమీద పెట్టినది. "మా మనవరాలికి తీసుకున్నానండి అయ్యగారూ. ఇందులో ఏమేమున్నాయో కాస్త చదివి చెప్పండి. ఆసుపత్రిలో నర్సమ్మ చూసి కొనమన్నది" అన్నది. ఏది ఎక్కువ ఉంటే దానిని ముందు వ్రాయవలెనని పట్టికకు నియమం. కళ్ళజోడు సవరించుకొని వరుసగా చదివినాను. మైదా. పంచదార. పామాయిలు.

"బాదం అని ఉన్నది గదండీ, బొమ్మ కూడా వేశారు" అన్నది ఆయమ్మ.

పొట్లాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, వెతకగా వెతకగా, చివరినుంచి మూడవ మాటగా కనిపించినది. అక్కడ వ్రేలు పెట్టి చూపించాను.