మన్యమునకు వచ్చిన రాయబారులు

రాయబారి యనగానే తెలుగువారికి మొదట శ్రీకృష్ణుడు తలపునకు వచ్చును. పాండవుల పక్షమున ఆయన కౌరవసభకు వెళ్ళెను. తన్ను పంపినవారి కోరిక యేమో, వినవలసినవారి మనస్సు ఎట్టిదో ఆయనకు బాగుగ తెలియును. రాయబారమునకు ఈ రెండును ప్రాణములు. నేటి దేశముల నడుమ నడచు రాయబారములకును ఇదియే నియమము. పశ్చిమాఫ్రికాలోని గాంబియా మిక్కిలి చిన్న దేశము. ఒక నదికి ఇరుప్రక్కల సన్నని పట్టీవలె వ్యాపించి యున్నది. అది 1965 ఫిబ్రవరి 18న స్వతంత్రమయ్యెను. అట్టి చిన్న దేశమునకు పోవు రాయబారి సయితము తన ప్రభుత్వము ఇచ్చిన నియామకపత్రమును అచటి దేశాధినేతకు వినయముతో సమర్పింపవలెను. దేశము చిన్నదైనను దానికి చూపవలసిన మర్యాద చిన్నది కాదు.

పార్వతీపురము చెంతనున్న కొండసీమకును ఒకప్పుడు ప్రభుత్వ ప్రతినిధులు వచ్చిరి. వారిని రాయబారులనక ఏజెంట్లనిరి. ఏజెంటనగా ఒకరి తరఫున పనిచేయువాడని అర్థము. సాలూరు, మక్కువ, కురుపాము, గుమ్మలక్ష్మీపురము ప్రాంతములలోని కొండలను ప్రజలు నేటికిని 'ఏజెన్సీ' యని పిలుచుటకు వారే కారణము. సవరలు, జాతాపులు, కొండదొరలు, గదబలు తరతరములుగా నివసించుచున్న ఈ మన్యమునకు ఆ పరాయి పేరు ఎట్లు వచ్చెనో తెలిసికొనదగినది.

ఉత్తర సర్కారులు పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. 1802వ సంవత్సర ప్రాంతమున కంపెనీవారు విశాఖపట్టణము జిల్లాలో శాశ్వత శిస్తు విధానమును నెలకొల్పిరి. జమీందారులు ఏటేట నిర్ణీతమైన పేష్కషు చెల్లింపవలెను. చెల్లింపనిచో వారి జమీలు వేలమునకు వచ్చును. కాగితముపై ఈ ఏర్పాటు సులభముగా తోచెను. కాని కొండలలో కోర్టు కాగితమును ఎరిగినవారెవరు? అచట నాయకునకును ప్రజకును గల సంబంధము వాడుకపై, మాటపై నిలిచి యుండెను. 1830 తరువాత ఈ ప్రాంతమున అలజడులు చెలరేగెను. వానిని అణచి, కారణములు విచారించుటకై 1832లో జార్జి రస్సెల్ అను అధికారి ప్రత్యేక కమిషనరుగా నియమింపబడెను. మైదానములకై చేసిన చట్టములు కొండలకు తగవని అతడు నివేదించెను.

దాని ఫలితముగా 1839లో ఇరువదినాల్గవ చట్టము వెలువడెను. గంజాము, విశాఖపట్టణము జిల్లాలలోని కొండప్రాంతములు సాధారణ న్యాయస్థానముల అధికారమునుండి తొలగింపబడెను. జిల్లా కలెక్టరే ఆ ప్రాంతములకు 'గవర్నరు ఏజెంటు' అయ్యెను. శిస్తు వసూలు చేయువాడు అతడే. సివిలు తగవులు తీర్చువాడు అతడే. నేరములకు శిక్ష విధించువాడును అతడే. అతని క్రింద సహాయ ఏజెంట్లు ఉండిరి. కాలక్రమమున పార్వతీపురము అట్టి అధికారికి నివాసస్థానమయ్యెను. ఏజెంటు పాలించు సీమ గనుక మన్యమునకు ఏజెన్సీ యను పేరు స్థిరపడెను.

ఈ పేరునందే ఒక చిక్కు కలదు. ఏజెంటు ఎవరి తరఫువాడు? గవర్నరు తరఫువాడు. మద్రాసునుండి వచ్చు మాటను కొండకు చేర్చుట అతని పని. కొండవాని మాటను మద్రాసునకు చేర్చువాడెవడో ఆ చట్టమున లేదు.

పైగా ఆ అధికారులు కొండలలో నివసించుటకే భయపడిరి. జయపురము సంస్థానమునకు 1863లో గాని సహాయ ఏజెంటు రాలేదు. స్మిత్ అను సైనికాధికారి ఆ పదవిలో కుదురుకొనెను. మన్యపు చలిజ్వరము బాధ భరింపలేక, 1870లో ఆ కచ్చేరీని ఎత్తైన కొరాపుటునకు మార్చిరి. అధికారులకు కొండభాషలు రావు. ఒక సవర తన గోడును చెప్పుకొనవలెనన్న, ఆ మాట దుబాసీ నోట తెలుగో ఒరియాయో అయి, ఆపై ఇంగ్లీషై దొర చెవిని చేరవలెను. చేరునప్పటికి దానిలో ఎంత మిగిలెడిదో ఊహింపవచ్చును.

1864లో గుణుపురము తాలూకాలోని పొట్టాసింగియందు జరిగిన ఘటన ఇందుకు నిదర్శనము. పోలీసులు సవరల పెద్ద నొకనిని అన్యాయముగా నిర్బంధించిరి. సవరలు అతనిని విడిపించుకొని, ఆ పెనుగులాటలో పోలీసులను చంపిరి. ప్రభుత్వము బలగములను పంపి గ్రామములపై దాడి చేయించెను. తుదకు ఐదుగురు సవరలను ఉరితీసిరి. మరికొందరిని యావజ్జీవము ద్వీపాంతరమునకు పంపిరి. 1900లో సాలూరు తాలూకాలోని కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య యను కొండదొర చుట్టును వేలకొలది జనము గుమిగూడగా, పోలీసుల కాల్పులలో పలువురు నేలకూలిరి. మొరను వినువాడు లేనిచోట మొర తిరుగుబాటుగా మారుట వింత కాదు.

అయినను ఏజెన్సీ పద్ధతివలన మేలేమియు కలుగలేదనుట న్యాయము కాదు. కొండభూములు షావుకారుల పాలగుట చూచి, ప్రభుత్వము 1917లో ఏజెన్సీ భూముల బదిలీని, వడ్డీని అదుపు చేయుచు ఒక చట్టము చేసెను. అయినను చట్టము చేసినవారికిని దానిచే రక్షింపబడవలసినవారికిని నడుమ భాష లేని అగాధము అట్లే యుండెను.

ఆ అగాధమునకు వంతెన కట్టినవాడు ఏజెంటు కాడు, కలెక్టరు కాడు, ఒక బడిపంతులు. ఆయన గిడుగు వేంకట రామమూర్తి. 1863లో జన్మించిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా జీవితము ప్రారంభించెను. పరిసర కొండలనుండి దిగివచ్చు సవరలను చూచి, వారి భాషను నేర్వవలెనని సంకల్పించెను. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణము లేదు, నేర్పెడి గురువు లేడు. తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట నుంచుకొని మాట మాటగా నేర్చుకొనెను. కాలినడకన కొండగూడెములకు పోయి, వారి మాటలను, కథలను, పాటలను వ్రాసికొనెను. మన్యపు జ్వరము ఆయననును విడువలేదు. దానికై మ్రింగిన క్వయినా మందువలన ఆయనకు వినికిడి తగ్గెను. ఇతరుల మాట వినుటకై కొండలెక్కిన వాడు తన చెవులనే కోల్పోయెను. అయినను వెనుదీయలేదు.

సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పవలెనని ఆయన పుస్తకములు వ్రాసి, పాఠశాలలు నడిపెను. ప్రభుత్వము పారితోషికము ఇయ్యబోగా తనకు వలదనియు, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడనియు కోరెను. మద్రాసు ప్రభుత్వము ఆయన రచించిన సవర వ్యాకరణమును 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను ప్రకటించెను. 1940లో ఆయన మరణించెను. ఏ గవర్నరును ఆయనకు నియామకపత్రము ఇయ్యలేదు. కాని ఎవరి నడుమ రాయబారము నడుపవలెనో వారిరువురి భాషయు ఎరిగినవాడు ఆయనయే.

1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు జయపురము, గుణుపురము అటు చేరగా, పార్వతీపురము ఇటు నిలిచెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అయిదవ షెడ్యూలు ద్వారా గిరిజన ప్రాంతములకు ప్రత్యేక రక్షణ కల్పించెను. గిరిజన సలహామండలిలో సభ్యులు ఇరువదిమందికి మించరాదనియు, వారిలో నూటికి డెబ్బదియైదుగురి లెక్కన శాసనసభలోని గిరిజన ప్రతినిధులే యుండవలెననియు నియమించెను. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము మన్యము పేరనే ఒక జిల్లా ఏర్పడెను. పార్వతీపురము, కురుపాము, సాలూరు నేడు షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడిన అరకు పార్లమెంటు స్థానమున చేరియున్నవి.

ఒకప్పుడు పట్టణమునుండి కొండకు ఏజెంటు వచ్చెడివాడు. ఇప్పుడు కొండనుండి ఢిల్లీకి ప్రతినిధి పోవుచున్నాడు. దారి అదియే, నడక దిక్కు మారినది. పంపువారు ఎవరైనను, పోవువాడు ఎంతటివాడైనను, ఎదుటివారి మాటను వారి భాషలో విని, మార్పులేక చేర్చినప్పుడే ఆ రాయబారము సఫలమగును. మన్యపు చరిత్ర నేర్పు పాఠమిది.