ఎన్ని గెలిచాం? ఎవరి మీద గెలిచాం?



పోయిన వారం మన హాస్టల్లో జరిగిన ఖోఖో తగువు మీ అందరికీ తెలుసు. మా గది వాళ్లం నాలుగు ఆటలు ఆడి రెండు గెలిచాం. పక్క గది వాళ్లు నాలుగు ఆడి మూడు గెలిచారు. బోర్డు మీద వాళ్ల పేరు పైన రాశారు. మండలం పోటీలకు వాళ్లే వెళ్తారన్నారు. కాని మేం ఆడింది పదో తరగతి అక్కలతో. వాళ్లు ఆడింది ఏడో తరగతి చెల్లెళ్లతో. దాంతో రెండు రోజులు అన్నం లైనులో ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

పి.ఇ.టి. మేడమ్ గారిని అడిగితే, ఇలాంటి తగువు పెద్ద ఆటల్లో కూడా ఉందని చెప్పారు.

మనకు దగ్గరలోని అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్ ఆడతాడు కదా. 2023లో చిరాగ్ శెట్టితో కలిసి గెలిచిన టైటిళ్లలో మూడింటిని చూద్దాం. స్విస్ ఓపెన్‌కు 7000 పాయింట్లు, కొరియా ఓపెన్‌కు 9200, ఇండోనేషియా ఓపెన్‌కు 12000 వచ్చాయి. మూడూ గెలుపులే, అయినా పాయింట్లు వేరు. ఎందుకంటే పెద్ద పోటీకి గట్టివాళ్లంతా వస్తారు. ఇండోనేషియా ఫైనల్లో వీళ్లు ఓడించిన మలేషియా జంట చేతిలో అంతకుముందు ఎనిమిదిసార్లు ఓడిపోయారు! అదే సంవత్సరం అక్టోబరులో ప్రపంచంలో మొదటి ర్యాంకు వచ్చింది.

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లు వందల కొద్దీ ఉన్నాయి. అందరూ అందరితో ఆడలేరు. మరి ఎవరు మంచి జట్టో ఎలా తెలుస్తుంది? అందుకని 1981 నుంచి 2018 వరకు ఆర్.పి.ఐ. అనే లెక్క వాడారు. అందులో మూడు భాగాలు:

1. మన గెలుపుల శాతం - నాలుగో వంతు
2. మనతో ఆడిన జట్ల గెలుపుల శాతం - సగం
3. ఆ జట్లతో ఆడిన జట్ల గెలుపుల శాతం - నాలుగో వంతు

చూశారా, మన గెలుపు కంటే ఎదుటివాళ్ల బలానికే ఎక్కువ వాటా! ఎదుటివాళ్ల శాతం కట్టేటప్పుడు మనతో ఆడిన ఆట తీసేస్తారు. లేకపోతే మనం గెలిచినందుకే వాళ్ల బలం తగ్గినట్టు కనిపిస్తుంది.

మన ఖోఖోకి ఈ లెక్క వేసి చూద్దాం. మాది 50 శాతం. అక్కలది 75, వాళ్లతో ఆడినవాళ్లది 50 అనుకుందాం. 12.5 + 37.5 + 12.5 = 62.5. పక్క గదిది 75 శాతం. చెల్లెళ్లది 25, వాళ్లతో ఆడినవాళ్లది 50 అనుకుందాం. 18.75 + 12.5 + 12.5 = 43.75. ఒక ఆట తక్కువ గెలిచినా మేమే పైకి వచ్చాం!

ఇది చూసి నేను ఎగిరి గంతేశాను. కాని మేడమ్ గారు ఇందులో లోపం కూడా చెప్పారు. గట్టి జట్టుతో ఆడి ఓడిపోయినా అంకె పెరగొచ్చు. బలం లేని జట్టు మీద గెలిచినా తగ్గొచ్చు. అందుకే 2018 నుంచి 'నెట్' అనే వేరే లెక్క పెట్టారు.

కాబట్టి మేమే గొప్ప అని నేను అనను. వార్డెన్ మేడమ్ గారికి ఒక్క మనవి. బోర్డు మీద ఎన్ని గెలిచారో రాసేటప్పుడు ఎవరితో ఆడారో కూడా పక్కన రాయించండి. మండలం పోటీల ముందు రెండు గదులకూ ఒక ఆట పెట్టించండి. ఓడిపోతే మేమే వాళ్లకు చప్పట్లు కొడతాం.

- 9వ తరగతి విద్యార్థిని